రవీంద్రభారతి గుమ్మం దగ్గర టికెట్ అడిగేవాళ్ళుండాలి

పోయిన శనివారం చాలా ఏళ్ళ తర్వాత రవీంద్రభారతికి వెళ్ళా. కచేరీ ఆరున్నరకి, నేను అసెంబ్లీ స్టేషన్లో మెట్రో దిగేసరికి ఐదుంబావు కూడా కాలేదు, లోపలికి పోయి కూర్చుంటే పోలా అనుకుని మెట్లెక్కి గుమ్మం దాటి హాల్లోకి వెళ్ళి నాకు నచ్చిన సీట్లో కూర్చున్నా, అప్పటిదాకా నన్ను ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. ఎవరమ్మా అనలేదు, టికెట్ ఏదమ్మా అనలేదు. స్టేజీ మీద ఒక కుర్రాడు మైకులు సరిచేసుకుంటున్నాడు. అంత పెద్ద హాల్లో ఒక్కదాన్నే కూర్చుంటే ముందు హాయిగానే అనిపించింది, కాసేపయ్యాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకోవడం మొదలైంది. అదేంటో తేల్చుకోడానికే ఇదంతా రాస్తున్నా.

చిన్నప్పుడు ఈ హాల్లోకి రావడం అంత తేలిగ్గా ఉండేది కాదు మాకు. మా నాన్న ఒక గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తా, ఎవరో ఇస్తే పాసులు తెచ్చేవారు, వాటిని చొక్కా జేబులో రెండు మడతలు పెట్టి దాచేవారు. ఒకసారి, నేను ఆరో క్లాసు అనుకుంటా, పాసులు ఇంట్లో మర్చిపోయి వచ్చాం. గుమ్మం దగ్గరాయన మర్యాదగానే చెప్పాడు, పాసు లేకపోతే పంపలేనండీ అని. నాన్న ఇంకో మాట మాట్లాడకుండా మమ్మల్ని అమ్మ దగ్గర మెట్ల మీద కూర్చోబెట్టి మళ్ళీ బస్సెక్కి విద్యానగర్ వెళ్ళి పాసులు పట్టుకుని వచ్చారు. కచేరీ మొదట్లో పాడే వర్ణం అయిపోయింది, రెండు కీర్తనలు కూడా అయిపోయాయి. ఆ రోజు మిగతా కచేరీలో నేను ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కదల్లేదు. నాన్న అంత కష్టపడి తెచ్చిన కాగితం, దాన్ని వేస్ట్ చెయ్యకూడదు అని మాత్రమే నాకు తెలుసు.

ఆ పాసులకి డబ్బులు కట్టలేదు, నిజమే. కానీ లోపలికి వెళ్ళడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి, అది అడిగే మనిషి ఒకడు ఉండాలి అనే పద్ధతైతే ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నేను చెప్పదల్చుకున్నది ఒకటే మాట. ఈ ఊళ్ళో శాస్త్రీయ సంగీతం కచేరీలకి టికెట్ పెట్టాలి, చిన్నదైనా సరే, ఇరవై రూపాయలైనా సరే పెట్టాలి. ఉచితం అనేది వినేవాళ్ళకి చేస్తున్న మేలు అనుకుంటున్నాం గానీ, అది మెల్లగా వినేవాళ్ళని హాల్లోంచి బయటికి తోసేస్తోంది.

తోడి మధ్యలో ఆగిపోయిన సాయంత్రం

ఎలాగో చెప్పాలంటే నిరుడు జరిగింది ఒకటి చెప్పాలి. ఇది రవీంద్రభారతిలో కాదు, ఊళ్ళోనే ఇంకో హాల్లో, ఏ హాలు ఏ సంస్థ అన్నది వదిలేద్దాం. మా అక్క కొడుకు మృదంగం వాయిస్తాడు, ఇరవై నాలుగేళ్ళు, పగలు ఉద్యోగం, సాయంత్రాలూ ఆదివారాలూ ఇదే లోకం. ఆ రోజు వాడు పక్కవాద్యం. ఆరింటికి అన్న కచేరీ జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అతిథుల పరిచయం, ఎనిమిది మందికి సన్మానాలు అయ్యాక ఏడుంపావు దాటాక మొదలైంది. గాయని చాలా చిన్న పిల్ల, గట్టి పిల్ల. తోడి రాగం ఎత్తుకుంది. ఆలాపన మెల్లగా పైకి వెళ్తోంది, హాల్లో ఉన్న నలభై యాభై మందిమీ ముందుకి వంగి వింటున్నాం, సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి వచ్చారు. నిర్వాహకులాయన స్టేజీ పక్కనుంచి చేత్తో ఆగమన్నట్టు సైగ చేశారు. ఆ పిల్ల ఆగిపోయింది. పై షడ్జమం దగ్గరికి వెళ్ళబోయి, వెళ్ళకుండా, అక్కడే ఆగిపోయింది.

తంబూరాలా మోగే శ్రుతి బాక్స్ ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. అతిథిగారు మాట్లాడిన ఇరవై నిమిషాలూ వెనకాల తంబూరా మోగుతూనే ఉంది, నాకు ఆయన మాటలు ఒక్కటీ గుర్తు లేవు గానీ ఆ శ్రుతి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన మాట్లాడి, ఫోటోలు దిగి, వెళ్ళిపోయారు. ఆ పిల్ల మళ్ళీ తోడి మొదలుపెట్టలేదు, టైం లేదు, నేరుగా కీర్తనలోకి వెళ్ళిపోయింది. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం నాలుగు నిమిషాలు. దాని కోసం మావాడు రెండు నెలలు సాధన చేశాడు.

ఇంటికి వెళ్తూ ఆటోలో అడిగా, ఏమిచ్చారురా అని. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, కవర్లో వెయ్యి రూపాయలు. "రానూపోనూ క్యాబ్‌కే ఆరొందల నలభై పిన్నీ, మృదంగం బస్సులో పెట్టుకుని రాలేను కదా. మొన్న మూతలు మార్పిస్తే మూడు వేల ఐదొందలయ్యింది." వాడి గొంతులో కోపం లేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. "ఇంట్లో ఇప్పటికే పదకొండు శాలువాలున్నాయి పిన్నీ" అన్నాడు. మా అక్క వాటన్నిటినీ కర్పూరం బిళ్ళలు వేసి ట్రంకుపెట్టెలో దాస్తుంది, ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను ఆలోచించింది ఏంటంటే, ఆ నిర్వాహకులాయన చెడ్డమనిషేం కాదు. సంగీతం అంటే ప్రాణం పెట్టే మనిషే, ముప్పై ఏళ్ళుగా సొంత డబ్బు ఖర్చుపెట్టుకుంటూ సంస్థ నడుపుతున్నాడు. మరి ఆయన తోడిని ఎందుకు ఆపాడు? హాలు అద్దె ఎవరో కట్టాలి. మైకులకి, ఫ్లెక్సీకి, పూలకి, కాఫీలకి ఎవరో ఇవ్వాలి. మేం ఇవ్వలేదు. నేను ఇవ్వలేదు. ఎవరిచ్చారో వాళ్ళు స్టేజీ మీదికి వస్తారు, వాళ్ళు తీసుకొచ్చినవాళ్ళు వస్తారు, వాళ్ళకి శాలువా కప్పాలి, వాళ్ళు మాట్లాడాలి. కిందున్న మనం ఎవరం? డబ్బులిచ్చిన మనిషి లేచి "అయ్యా, ఆలాపన పూర్తి కానివ్వండి" అని అనొచ్చు. నాకు ఆ మాట నోటిదాకా వచ్చింది. ఊరికే వచ్చి కూర్చున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను అనిపించి మింగేశా. యాభై రూపాయలు ఇచ్చి వచ్చుంటే అడిగేదాన్ని, ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

"మనవాళ్ళు కొనరండీ"

ఈ మాట ఎవరితో అన్నా మొదటి జవాబు ఇదే. మద్రాసు వేరు, అక్కడ డిసెంబర్ కచేరీల సీజన్ వస్తే పొద్దున్నే లైన్లో నిలబడి కొంటారు, మన తెలుగువాళ్ళకి ఆ అలవాటు లేదు అంటారు. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన ఆ నాటక కుటుంబాలు తరతరాలుగా దేని మీద బతికాయి? టికెట్ల మీదే కదా. పద్య నాటకాల రోజుల్లో కాంట్రాక్టర్లు పెద్ద నటుల్ని కుదుర్చుకుని టికెట్లు అమ్మి ఆడించేవాళ్ళు, జనం బండ్లు కట్టుకుని వచ్చి, నేల టికెట్ కొనుక్కుని, పద్యం నచ్చితే ఒన్స్‌మోర్ అని అరిచి మళ్ళీ పాడించుకునేవాళ్ళు. ఆ ఒన్స్‌మోర్ అనే హక్కు ఎక్కడినుంచి వచ్చింది? నేను కొనుక్కుని వచ్చా, నాకు మళ్ళీ కావాలి అనే ధీమాలోంచి వచ్చిందని నా ఉద్దేశం. ఇప్పుడు కూడా ఇదే హైదరాబాద్‌లో సినిమా పాటల షో పెడితే వేలు పోసి కొంటున్నాం. అంటే కొనే చెయ్యి ఉంది. శాస్త్రీయ సంగీతం దగ్గరికి వచ్చేసరికి అది ఊరికే రావాలి అని మనకి ఎవరో అలవాటు చేశారు, మనం చేసుకున్నాం.

మద్రాసులో కూడా అన్నిటికీ టికెట్ లేదు. చాలా సంగీత సభల్లో మధ్యాహ్నం చిన్నవాళ్ళ కచేరీలు ఉచితం, సాయంత్రం పెద్దవాళ్ళవి టికెట్. నేనొకసారి వెళ్ళి రెండూ విన్నా. ఉచితం మంచిదా చెడ్డదా అన్నదానికంటే ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారు అనేదే అసలు ప్రశ్న అని అక్కడే మొదటిసారి తోచింది.

ఇంకో జవాబు కూడా ఉంది, అది గట్టిది. రవీంద్రభారతి ప్రజల డబ్బుతో కట్టింది. 1961లో ఠాగూర్ శతజయంతికి దేశమంతా ఆయన పేరు మీద హాళ్ళు కట్టారు, కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర ఆ ఊపులో వచ్చినవే, మన దగ్గర ఫయాజుద్దీన్ ప్లాన్ గీశారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ప్రారంభించారు. మన డబ్బుతో కట్టిన హాల్లోకి మనం మళ్ళీ డబ్బు కట్టి వెళ్ళాలా? చాలాకాలం నాక్కూడా ఇది న్యాయంగానే అనిపించింది. కానీ హాలు మనది, నిజమే, స్టేజీ మీద పాడే పిల్ల మనది కాదు కదా. ఆ పిల్ల పదిహేనేళ్ళు నేర్చుకున్నది ఏ ప్రభుత్వమూ కట్టి ఇవ్వలేదు, వాళ్ళమ్మ గాజులు అమ్మి ఫీజు కట్టి ఉండొచ్చు.

పక్క సీటు పెద్దాయన

ఇక శనివారం సంగతి. అక్కడ కచేరీ టైముకే మొదలైంది, నిర్వాహకులకి చేతులెత్తి దండం పెట్టాలి, ఒక్కటే సన్మానం, అది కూడా చివర్లో. నా పక్క సీట్లో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు, తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి, డెబ్బై పైనే ఉంటాయి. "ఏం పోగ్రామ్ బిడ్డా ఇయ్యాల?" అనడిగారు. ఏం ప్రోగ్రామో తెలీకుండానే వచ్చారన్నమాట. జియాగూడ నుంచి బస్సులో వస్తారట, వారంలో రెండు మూడు సార్లు, ఏది ఉంటే అది, పాటైనా నాటకమైనా పుస్తకావిష్కరణైనా. "ఇంట్ల పిల్లల లొల్లి. ఈడ చల్లగుంటది. మంచి మాట ఒకటి చెవుల పడ్తది. రాగాలు నాకు తెల్వయ్ గని, మనసు పెట్టి పాడుతున్నరా లేదా తెలుస్తది."

ఖరహరప్రియ రాగం అయ్యాక ఉండబట్టలేక అడిగేశా, టికెట్ పెడితే వస్తారా అని. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎట్ల వస్త బిడ్డా. పింఛన్ మందులకే సరిపోదు."

నాకు అక్కడితో మాట పడిపోయింది. ఇన్ని నెలలుగా నేను మనసులో కట్టుకున్న వాదన అంతా ఆ ఒక్క మాట ముందు నిలబడలేదు. ఆయన లాంటి మనిషిని గుమ్మంలో ఆపే టికెట్ నాకు అక్కర్లేదు. నిజానికి ఆ హాల్లో అందరికంటే బాగా వింటున్నది ఆయనే, కళ్ళు మూసుకుని, వేళ్ళతో మోకాలి మీద తాళం తప్పకుండా. మిగతావాళ్ళలో సగం మంది ఫోన్లలో ఉన్నారు.

ఇంటర్వెల్ లాంటి చిన్న విరామంలో ఆయనే మళ్ళీ కదిపారు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవారట, ఈ హాల్లో జరిగే కార్యక్రమాల ఆహ్వాన పత్రికలు కట్టలు కట్టి తెచ్చి ఇచ్చేది ఆయనే. "అప్పట్ల కార్డు మీద పాడెటోళ్ళ పేరు పెద్దగ ఉంటుండె. మేమే అక్షరాలు పేర్చేటోళ్ళం కద, నాకు ఎరుక. పోను పోను పాడెటోళ్ళది చిన్నగ అయింది, వచ్చెటోళ్ళది పెద్దగ అయింది." చేతిలో ఉన్న ఆ రోజు కరపత్రం చూపించి, "ఇది నయం" అన్నారు. నేను నెలల తరబడి ఆలోచించి పట్టుకున్న సంగతి ఆయన ఎప్పుడో చేత్తో పేర్చి చూసేశారు.

అప్పుడు ఇంకోసారి అడిగా. ఇరవై రూపాయలైతే? ఆయన కొంచెం సేపు ఆలోచించారు. "ఇరవై అంటే ఒక చాయ్. ఇస్త. గని అడిగెటోడు మర్యాదగ అడగాలె. పైసలు లేని రోజు ఎల్లగొట్టొద్దు."

ఈ మాట పట్టుకుని ఇంటికి వచ్చా. ఇలా అడగడం మన దగ్గర కొత్తేం కాదు కూడా. హరికథ చెప్పేటప్పుడు హారతి పళ్ళెం తిరిగేది, ఉన్నవాళ్ళు రూపాయి వేసేవాళ్ళు, లేనివాళ్ళు కళ్ళకి అద్దుకునేవాళ్ళు, ఎవర్నీ లేపి పంపేవాళ్ళు కాదు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఉర్సుకి మా ఆఫీసులో ఒకావిడతో వెళ్ళినప్పుడు చూశా, ఖవ్వాలీ నడుస్తుంటే ఒక్కొక్కరే లేచి వెళ్ళి పాడేవాళ్ళ ముందు నోటు పెట్టి వస్తున్నారు, పది రూపాయలు పెట్టిన మనిషి కూడా అయిదొందలు పెట్టినాయన లాగే వంగి పెట్టాడు, అంతే గౌరవంగా పాడేవాళ్ళు అందుకున్నారు. అక్కడ గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ అడగరు, కానీ అది ఊరికే రావడం కాదు. విన్నవాడి చెయ్యి నుంచి పాడినవాడి చెయ్యికి నేరుగా వెళ్తోంది.

ఉచితాలన్నీ ఒకటి కాదు అని కూడా ఒప్పుకోవాలి. హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ దశాబ్దాల పాటు ప్రతి ఏడాదీ ఈ ఊరొచ్చి తండ్రి పేరు మీద సంగీత ఉత్సవం చేశారు. ఆ తండ్రి, పండిట్ మోతీరామ్, 1934లో నిజాం ఆస్థాన విద్వాంసుడు కావాల్సిన రోజునే ఇక్కడ పోయారు, సమాధి అంబర్‌పేటలో ఉంది. కొడుకు తండ్రికి చేసుకునే పనిలో మనం కూర్చుని వింటే అది ప్రసాదం లాంటిది, దానికి టికెట్ అడగడం తప్పు. అలాగే ఇంకో హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ చివరి రోజుల్లో బషీర్‌బాగ్‌లో ఉన్నారు, 1968లో ఇక్కడే కన్నుమూశారు, ఆయన్ని ఒక నవాబు తన ఇంట్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఆ నవాబు డబ్బూ ఒక్క మనిషి డబ్బే, ఇప్పటి స్పాన్సర్ డబ్బు లాగే. తేడా ఏంటంటే అప్పటివాళ్ళు కూర్చుని వినేవాళ్ళు. డబ్బిచ్చినాయన ఆలాపన అయ్యేదాకా కదలకుండా కూర్చుంటే ఆయన పేరు కార్డు మీద ఎంత పెద్దగా వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇక నా భయం కూడా చెప్పాలి. టికెట్ పెడితే ఆ నలభై మంది ఇరవై అవుతారేమో. నేను ఉత్తినే అనుకోవడం కాదు, ముగ్గురు స్నేహితురాళ్ళని అడిగా, వంద రూపాయల టికెట్ అంటే ఒకావిడ సరే అంది, రెండో ఆవిడ చూద్దాంలే అంది, మూడో ఆవిడ యూట్యూబ్‌లో ఉంటుంది కదే అంది. ముగ్గురూ సంగీతం నేర్చుకున్నవాళ్ళే. ఇది నన్ను బాగా కుంగదీసింది. ఖాళీ హాల్లో పాడితే ఆ పిల్లలకి ఇంకా కష్టంగా ఉండదా? ఉంటుంది. మావాడినే అడిగా. "పిన్నీ, నలభై మందిలో ముప్పై మంది సన్మానాలు పొందినవాళ్ళ చుట్టాలే, ముఖ్య అతిథి వెళ్ళగానే లేచి వెళ్ళిపోయారు కదా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, అవును, తని వచ్చేసరికి నిజంగానే చాలా మంది లేరు. మేం ఇరవై మందిమి కూడా లేమేమో.

అందుకని నాకు చేతనైనంతలో ఒకటి మొదలుపెడుతున్నా. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో వచ్చే నెల రెండో ఆదివారం ఒక కచేరీ, ఆ తోడి పాడిన పిల్లే పాడుతుంది, మావాడు వాయిస్తాడు. టికెట్ వంద, చదువుకునే పిల్లలకి ఇరవై, గుమ్మం దగ్గర నేనే కూర్చుంటా, ఒక డబ్బా కూడా పెడతా, ఎవరెంత వేస్తున్నారో చూడను. వచ్చినదంతా కళాకారులకే. కార్డు మీద వాళ్ళ పేర్లు తప్ప ఇంకెవరి పేరూ ఉండదు. ఆరున్నర అంటే ఆరున్నరకి శ్రుతి పెట్టేస్తారు. తని ఎంతసేపన్నది మావాడి ఇష్టం.

శనివారం మంగళం అయ్యాక పెద్దాయనతో పాటే మెట్లు దిగా, ఈ సంగతి చెప్పా. తార్నాక ఎట్ల రావాలె అని అడిగారు. అసెంబ్లీ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారండి అన్నా. "మెట్రో వద్దు బిడ్డా, బస్సుల వస్త" అని సంచిలోంచి పాత కార్డు ముక్క ఒకటి తీసి, వెనకవైపు తారీఖు రాయమని నా చేతికిచ్చారు.